ఫారిన్ ట్రిప్‌లో టాక్సీవాళ్లు ఎక్కువ అడిగితే ఏం చేయాలి? బ్యాంకాక్, హనోయ్‌లలో నాకు ఎదురైనవి

 

ఈ మధ్య నాకు తెగ వస్తున్న మెసేజ్ ఒకటుంది. "అన్నా, థాయ్‌లాండ్ వెళ్తున్నాం, అక్కడ టాక్సీవాళ్లు బాగా దోచేస్తారంట కదా, ఏం చేయాలి?" వియత్నాం వెళ్లేవాళ్లదీ ఇదే ప్రశ్న. ఫ్లైట్ టికెట్లు అయిపోయాయి, హోటల్ అయిపోయింది, బట్టలు కూడా కొనేశారు. కానీ ఎయిర్‌పోర్టు బయట ఆ మొదటి అరగంట గురించి మాత్రం అందరికీ భయమే.

ఆ భయం తప్పేం కాదు. కొత్త ఊరు, భాష రాదు, నోట్లు కొత్త, నిద్ర లేదు, చేతిలో సామాన్లు. ఎదుటివాళ్లకి ఇవన్నీ మన మొహం చూడగానే తెలిసిపోతాయి.

అందుకే ఈ ఎపిసోడ్‌లో రెండు విషయాలు చెప్తా. ఒకటి, నేను బ్యాంకాక్‌లో ఎలా మోసపోయానో. రెండోది, ఆ తర్వాత హనోయ్‌లో నేనెంత తప్పుగా ప్రవర్తించానో. ఈ రెండోది ఇన్నాళ్లు ఎక్కడా చెప్పలేదు. చెప్పాలంటే కొంచెం సిగ్గుగానే ఉంది. కానీ అది చెప్పకపోతే ఈ టాపిక్ సగమే చెప్పినట్టు. ఆ తర్వాత ఏం చేయాలి, ఏం చేయకూడదు అనేది వరసగా మాట్లాడుకుందాం.

సరే, ముందు బ్యాంకాక్.

నేను, మా ఫ్రెండ్ ఒకడు, ఇద్దరం హైదరాబాద్ నుంచి వెళ్లాం. ఇద్దరికీ అదే మొదటి ఫారిన్ ట్రిప్. సువర్ణభూమి ఎయిర్‌పోర్టులో దిగేసరికి రాత్రి 12 దాటింది. ఇమ్మిగ్రేషన్ లైన్‌లో నిలబడి, బ్యాగులు తీసుకుని బయటికొచ్చేసరికి ఇంకో గంట. మావాడికి ఆకలి, నాకు నిద్ర. అప్పుడు ఒకడొచ్చాడు. నీట్‌గా ఇస్త్రీ షర్టు, మెడలో ఏదో కార్డు, చేతిలో లామినేషన్ చేసిన రేట్ల షీటు. "టాక్సీ? వేర్ యు గో?" అన్నాడు.

హోటల్ పేరు చూపించాం. షీటు మీద వేలు పెట్టి 1,200 బాత్ అన్నాడు. మేం తక్కువ తిన్నామా? సుల్తాన్ బజార్‌లో పెరిగిన బుర్ర కదా. 700 అన్నాం. వాడు నవ్వాడు, తల ఊపాడు, చివరికి 900 దగ్గర ఆగాడు. మేం ఒకరినొకరు చూసుకుని, "300 తగ్గించేశాం రా" అనుకున్నాం. అప్పటికే మా సూట్‌కేసు వాడి చేతిలో ఉంది.

కార్లో కూర్చున్నాక చూస్తే ముందు మీటర్ ఉంది. ఆఫ్ చేసి ఉంది. "మీటర్?" అని అడిగా. "నో మీటర్, నైట్" అన్నాడు. అంతే.

పొద్దున్నే హాస్టల్ రిసెప్షన్‌లో ఉన్న అమ్మాయి, ఎయిర్‌పోర్టు నుంచి ఎలా వచ్చారని మాటవరసకి అడిగింది. 900 అని చెప్పాం. ఆ అమ్మాయి మొహం పాడైపోయింది. మీటర్ మీద వస్తే, ఎయిర్‌పోర్టు ఛార్జీ, టోల్ అన్నీ కలుపుకున్నా 400 బాత్ దగ్గర్లో అయ్యేదంట. అంటే 500 బాత్ ఎక్కువ ఇచ్చాం. బాత్ అంటే సుమారుగా రెండున్నర నుంచి మూడు రూపాయలు. లెక్క వేసుకోండి, 1,300 రూపాయల పైమాటే.

నిజం చెప్పాలంటే డబ్బు పోయినందుకు అంత బాధ లేదు. బేరమాడి గెలిచామని సంబరపడ్డాం చూడండి, అదీ బాధ. షీటు మీద రేటూ వాడిదే, తగ్గించిన రేటూ వాడిదే. మేం ఆడిన బేరమంతా వాడు గీసిన గీత లోపలే జరిగింది. అసలు రేటెంతో మాకు తెలియదు. అది తెలియకుండా ఎంత బేరమాడినా మనం ఓడిపోయినట్టే.

ఇప్పుడు అసలు పద్ధతేంటో చెప్తా. సువర్ణభూమిలో అరైవల్స్ నుంచి బయటికొచ్చేది రెండో లెవెల్‌లో. మీటర్ టాక్సీలు ఉండేది కింద ఒకటో లెవెల్‌లో. అక్కడ మెషీన్లు ఉంటాయి, బటన్ నొక్కితే చీటీ వస్తుంది. చీటీ మీద లేన్ నంబర్ ఉంటుంది, ఆ లేన్‌లో ఉన్న టాక్సీ ఎక్కడమే. ఆ చీటీ డ్రైవర్‌కి ఇవ్వకండి, మీ దగ్గరే ఉంచుకోండి. రేపు ఏదైనా కంప్లైంట్ ఇవ్వాలన్నా, కార్లో ఏదైనా మర్చిపోయినా అదే ఆధారం.

మీటర్ 35 బాత్ దగ్గర మొదలవుతుంది, పెద్ద కారైతే 40. ఎయిర్‌పోర్టు నుంచి ఎక్కినందుకు అదనంగా 50 బాత్ ఇవ్వాలి. ఇది రూలే, మోసం కాదు. ఎక్స్‌ప్రెస్‌వే మీద వెళ్తే టోల్ మనమే కట్టాలి. డ్రైవర్ వెనక్కి తిరిగి "టోల్‌వే?" అని అడిగితే కంగారు పడకండి. టోల్ ఇస్తావా, ట్రాఫిక్‌లో నిలబడతావా అని అడుగుతున్నాడు, అంతే. సాయంత్రం పూట బ్యాంకాక్ ట్రాఫిక్‌లో టోల్ కట్టడమే నయం.

పగలు దిగితే అసలు టాక్సీ కూడా అక్కర్లేదు. ఎయిర్‌పోర్టు కిందే రైల్ లింక్ ఉంది. చివరి స్టేషన్ ఫయాథాయ్ వరకు వెళ్లినా 45 బాత్. అక్కడ నుంచి స్కైట్రైన్ మారొచ్చు. అర్ధరాత్రి దాటితే మాత్రం రైలు ఉండదు. మాకు అయింది అదే.

ఇంకో ట్రిక్ కూడా చెప్తా, ఇది బ్యాంకాక్‌లో చాలా పాతది. గ్రాండ్ ప్యాలెస్ గోడ పక్కన నడుస్తుంటే ఒక పెద్దమనిషి ఎదురొస్తాడు. చాలా మర్యాదగా, "ప్యాలెస్ ఈరోజు క్లోజ్ అండీ, ఏదో పూజ ఉంది, మధ్యాహ్నం తెరుస్తారు" అంటాడు. "ఈలోపు ఈ టుక్‌టుక్ ఎక్కండి, 40 బాత్‌కే నాలుగు గుళ్లు చూపిస్తాడు" అంటాడు. 40 బాత్‌కి నాలుగు గుళ్లేంటి అని మీకు డౌట్ రావాలి. ఆ గుళ్ల మధ్యలో ఒక నగల షాపు, ఒక సూట్లు కుట్టే షాపు వస్తాయి. మిమ్మల్ని లోపలికి పంపిస్తే చాలు, డ్రైవర్‌కి కమీషనో, పెట్రోల్ కూపనో ఇస్తారు. మీరు రంగురాయి కొన్నారంటే మాత్రం ట్రిప్ మొత్తం ఖర్చు అక్కడే అయిపోతుంది. ప్యాలెస్ మామూలుగా రోజూ పొద్దున 8:30 నుంచి మధ్యాహ్నం 3:30 వరకు తెరిచే ఉంటుంది. ఉందో లేదో గేటు దగ్గరికి వెళ్లి మీ కళ్లతో చూసుకోండి. దారిలో ఎవరు చెప్పినా నమ్మకండి.

ఇక్కడొక చిన్న మాట చెప్పాలి. ఎక్కువ అడగడం వేరు, మోసం చేయడం వేరు. ఈ రెండూ కలిపేస్తే మనకే నష్టం.

టుక్‌టుక్‌కి మీటర్ లేదు. ఆయన 200 అంటాడు, మీరు 100 అంటారు, ఇష్టమైతే ఎక్కుతారు, లేకపోతే లేదు. అది బేరం. సికింద్రాబాద్ స్టేషన్ బయట ఆటో దగ్గర మనం చేసేది అదే కదా. చార్మినార్ దగ్గర ఒక ఫారినర్‌ని మన ఆటో అన్న ఎంత అడుగుతాడో మనకు తెలియదా? దానికి మనం నవ్వుకుంటాం. అదే మనకు జరిగితే దొంగలు అంటాం.

మోసం ఎప్పుడంటే, మీటర్ వేయాల్సిన బండిలో వేయకపోతే, లేని విషయం ఉన్నట్టు చెప్పి షాపుకి తీసుకెళ్తే, ఎక్కేటప్పుడు ఒక మాట చెప్పి దిగేటప్పుడు ఇంకో మాట చెప్తే. బేరం నచ్చకపోతే దండం పెట్టి వెళ్లిపోవచ్చు. మోసం నుంచి మాత్రం ముందే జాగ్రత్త పడాలి.

ఈ తేడా నాకు అప్పుడు తెలియదు. బ్యాంకాక్‌లో దెబ్బ తిన్నాక మేమిద్దరం మారిపోయాం. ప్రతివాడూ దొంగే. కొబ్బరిబోండాం కొన్నా డౌటే, లాండ్రీకి బట్టలు వేసినా డౌటే. టాక్సీ ఎక్కితే నేను మ్యాప్ పట్టుకుని, బండి కొంచెం పక్క సందులోకి తిరిగితే చాలు, "ఎక్కడికి తీసుకెళ్తున్నావ్" అన్నట్టు చూసేవాడిని. పాపం అక్కడ వన్‌వే అయ్యుండొచ్చు. మాకు అదేం పట్టలేదు. ఇంకోసారి మోసపోకూడదు, అంతే.

ఆ మూడ్‌లోనే బ్యాంకాక్ నుంచి హనోయ్ వెళ్లాం.

వియత్నాం డబ్బు గురించి ముందు కొంచెం చెప్తే గానీ తర్వాతది అర్థం కాదు. వాళ్ల కరెన్సీ డాంగ్. మన రూపాయికి సుమారు 300 డాంగ్. అంటే చేతిలో 20 లక్షల డాంగ్ ఉన్నా అది మన ఆరేడు వేలే. సున్నాలు చూసి కళ్లు తిరుగుతాయి. అందుకే అక్కడివాళ్లు మూడు సున్నాలు వదిలేసి మాట్లాడతారు. "ఫిఫ్టీ" అంటే 50,000 అన్నమాట. టాక్సీ మీటర్ మీద కూడా చాలాసార్లు 60.5 అని ఉంటుంది, అంటే 60,500. రూపాయల్లోకి మార్చాలంటే మూడు సున్నాలు తీసేసి మూడుతో గుణించి, పైన ఇంకొంచెం వేసుకోండి. 100,000 డాంగ్ అంటే 300 చిల్లర రూపాయలు.

నోట్లు ఇంకో తలనొప్పి. మన నోట్ల మీద గాంధీగారు ఉన్నట్టే, అక్కడ ప్రతి నోటు మీదా హో చి మిన్ బొమ్మే. అన్నిటికన్నా ముఖ్యం, 20,000 నోటు నీలం, 500,000 నోటు కూడా నీలమే. పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుంది. రాత్రిపూట, కార్లో, తొందరలో తెలియదు. ఒకటి మన డెబ్బై రూపాయల లోపు, ఇంకోటి 1,600 పైన.

హనోయ్‌లో మూడో రోజు. ఊరి చివర ఎథ్నాలజీ మ్యూజియం ఉంది, అక్కడి తెగలవాళ్ల ఇళ్లు తోటలో అచ్చంగా కట్టి పెట్టారు, చాలా బాగుంటుంది. అది చూసి, పక్కనే ఏదో తిని బయటికొచ్చేసరికి చీకటి పడింది. మావాడి ఫోన్ చచ్చిపోయింది. నా ఫోన్‌లో 9 శాతం ఉంది. యాప్‌లో బుక్ చేద్దామంటే నెట్ ప్యాక్ అయిపోయింది. రోడ్డు మీద వెళ్తున్న టాక్సీ ఆపి, హోఆన్ కీమ్ సరస్సు దగ్గరికని చెప్పాం. యాభై ఏళ్లు పైబడిన మనిషి. ఇంగ్లిష్ ఒక్క ముక్క రాదు. మేం అడగకుండానే మీటర్ వేశాడు. అయినా నేను దారి పొడుగునా మీటర్ వైపే చూస్తూ కూర్చున్నా.

సరస్సు దగ్గర ఆపాడు. మీటర్ 118 చిల్లర. 120,000 ఇద్దామని పర్సు తీశా. ఆకుపచ్చది 100,000 నోటు, ఒక నీలం నోటు. రెండూ కలిపి ఇచ్చి డోర్ తీయబోయా.

ఆయన "నో, నో" అన్నాడు. ఏదో చెప్తున్నాడు. నా పర్సు వైపు చెయ్యి చూపిస్తున్నాడు. నాకు అర్థమైంది ఒకటే, ఇంకా కావాలంటున్నాడు. మావాడితో తెలుగులో, "చూడు రా, మొదలుపెట్టాడు" అన్నా. గొంతు పెంచి, "మీటర్! మీటర్! ఫినిష్!" అని అరిచా. ఆయన ఇంకా ఏదో చెప్పబోతుంటే ఫోన్ తీసి, ఆయన మొహం మీద పెట్టి వీడియో ఆన్ చేశా. "చెప్పు, ఎంత కావాలో కెమెరాకి చెప్పు" అన్నట్టు.

ఆయన ఒక్క క్షణం కెమెరా వైపు చూశాడు. తర్వాత తన షర్టు జేబులోంచి ఒక నోటు తీశాడు. నీలం నోటు. దాన్ని నా నోటు పక్కన పెట్టి, లైట్ వేసి, వేలితో సున్నాలు చూపించాడు. ఆయన జేబులోంచి తీసింది 20,000. నేనిచ్చింది 500,000.

నేనిచ్చిన ఆ ఐదు లక్షల నోటు నాకు తిరిగి ఇచ్చేసి, నా పర్సులోంచి 20,000 తీయమని చూపించాడు. మొదటి నుంచి ఆయన చెప్తున్నది అదే.

నేను సారీ అన్నా, థాంక్యూ అన్నా. చేతులు జోడించా. ఆయన ఏమీ అనలేదు. నవ్వలేదు, కోప్పడలేదు. 20,000 తీసుకుని, మేం దిగాక డోర్ సరిగ్గా పడిందో లేదో చూసుకుని వెళ్లిపోయాడు. ఎక్కువ ఇద్దామన్న ఆలోచన కూడా కారు వెళ్లిపోయాకే వచ్చింది.

ఆ వీడియో ఇంకా నా ఫోన్‌లో ఉంది. 14 సెకన్లు. ఇది వీడియో ఛానల్ కదా, చూపించొచ్చు కదా అంటారేమో. చూపించను. ఆయన్ని అడగకుండా తీసింది, దొంగ అనుకుని తీసింది. కానీ డిలీట్ కూడా చేయలేదు. ఏదైనా ట్రిప్‌కి వెళ్లే ముందు ఒకసారి చూసుకుంటా.

బ్యాంకాక్‌లో నాకు పోయింది 1,300 రూపాయలు. హనోయ్‌లో ఆయన ఆ నోటు జేబులో వేసుకుని ఉంటే 1,600 పోయేది, ఎప్పుడు పోయిందో కూడా నాకు తెలిసేది కాదు. ఒకడు మోసం చేశాడని ఇంకో ఊళ్లో, ఇంకో దేశంలో, ఏ సంబంధం లేని మనిషి మీద అరిచా. చూడండి, ఇప్పటికీ బ్యాంకాక్ వాడిని వాడు అనే అంటున్నా. అక్కడ కూడా మీటర్ వేసి పద్ధతిగా తీసుకెళ్లిన డ్రైవర్లు ఎంతమంది ఉన్నారో. వాళ్ల గురించి మాత్రం నేనెవరికీ చెప్పలేదు.

సరే. మరి మోసపోకుండా ఉండాలి, మనుషుల్ని అనవసరంగా అనుమానించకూడదు. రెండూ ఎలా? నాకు తెలిసిన మార్గం ఒకటే. మాటలన్నీ బండి ఎక్కకముందే అయిపోవాలి. ఎక్కకముందు పవర్ మన చేతిలో ఉంటుంది, వద్దంటే వెళ్లిపోవచ్చు. ఎక్కాక అది డ్రైవర్ చేతిలో ఉంటుంది. ముందే అన్నీ తేల్చుకుంటే దారిలో హాయిగా కిటికీలోంచి చూస్తూ కూర్చోవచ్చు.

మొదటిది, ఇంట్లో ఉన్నప్పుడే చేయాల్సింది. గ్రాబ్ యాప్ థాయ్‌లాండ్‌లో, వియత్నాంలో రెండు చోట్లా పనిచేస్తుంది. థాయ్‌లాండ్‌లో బోల్ట్ కూడా ఉంది. వియత్నాంలో షాన్ ఎస్ఎమ్ అని ఎలక్ట్రిక్ టాక్సీలు ఉన్నాయి. యాప్ ఇక్కడే ఇన్‌స్టాల్ చేసి, మీ నంబర్‌తో ఓటీపీ కూడా ఇక్కడే కొట్టేయండి. అక్కడికెళ్లి రోమింగ్ లేని సిమ్‌కి ఓటీపీ రాక, ఎయిర్‌పోర్టులో కూర్చుని ఏడ్చినవాళ్లు నాకు తెలుసు. ఊరి మ్యాప్ ఆఫ్‌లైన్‌లో డౌన్‌లోడ్ చేసుకోండి. హోటల్ పేరు, అడ్రస్ అక్కడి లిపిలో స్క్రీన్‌షాట్ తీసుకోండి.

రెండోది, అసలు రేటు తెలుసుకోవడం. యాప్‌లో బుక్ చేయకపోయినా పర్లేదు, ఎక్కడి నుంచి ఎక్కడికో కొట్టి రేటు చూడండి. అదే మీ కొలబద్ద. యాప్‌లో 150 ఉంటే, టుక్‌టుక్ ఆయన 180 అడిగితే ఎక్కేయొచ్చు. 500 అడిగితే నవ్వి వెళ్లిపోవచ్చు. మాకు ఎయిర్‌పోర్టులో ఈ ఒక్క సంగతి తెలిసుంటే ఆ లామినేషన్ షీటుకి విలువే లేదు.

మూడోది, అంకెలు నోటితో మాట్లాడకండి. ఫోన్‌లో కాలిక్యులేటర్ తీసి టైప్ చేసి చూపించండి. ఫిఫ్టీన్, ఫిఫ్టీ, ఈ రెండూ వేరే యాసలో ఒకలాగే వినిపిస్తాయి. వియత్నాంలో సైక్లో రిక్షా ఎక్కేటప్పుడు "వన్ హండ్రెడ్" అన్నారనుకోండి. అది 100,000 డాంగేనా? ఇద్దరికీ కలిపా, మనిషికా? గంటకా, మొత్తానికా? అన్నీ ముందే అడగండి. రెండు వేళ్లు చూపించి, అంకె చూపించి, ఆయన తల ఊపాక స్క్రీన్‌షాట్ తీసుకోండి. తర్వాత గొడవ ఉండదు. ఆయనకీ మంచిదే.

నాలుగోది, రేటు తేలేదాకా సామాను డిక్కీలో పెట్టకండి. సూట్‌కేసు డిక్కీలోకి వెళ్లిందంటే బేరం అయిపోయినట్టే. దిగేటప్పుడు కూడా ముందు సామాను దించుకుని, తర్వాత డబ్బులివ్వండి.

ఐదోది, మీటర్ టాక్సీ దగ్గర బేరం వద్దు. డోర్ తీసి "మీటర్?" అని అడగండి. కాదంటే థాంక్యూ చెప్పి డోర్ వేసేయండి. కోపం అక్కర్లేదు. ఇంకో విషయం, టూరిస్ట్ ప్లేస్ గేటు ముందు ఆగి ఉన్న టాక్సీలు టూరిస్టుల కోసమే కాచుకుని ఉంటాయి. ఒక వంద అడుగులు నడిచి, రోడ్డు మీద పోతున్న ఖాళీ టాక్సీని ఆపండి. బ్యాంకాక్‌లో ఖాళీగా ఉంటే ముందు అద్దం దగ్గర ఎర్ర లైటు వెలుగుతుంది.

ఆరోది, చిల్లర. "నో చేంజ్" అనే మాట ప్రపంచమంతా ఒకటే. పొద్దున్నే సెవెన్ ఇలెవెన్‌లో ఒక వాటర్ బాటిల్ కొని పెద్ద నోటు మార్చుకోండి. వియత్నాంలో అయితే 500,000 నోట్లు పర్సులో వేరే అరలో పెట్టండి. ఇచ్చేటప్పుడు సున్నాలు లెక్కపెట్టి ఇవ్వండి. ఇది ఎవరి దగ్గర నేర్చుకున్నానో మీకు తెలుసు.

ఏడోది, యాప్‌లో బుక్ చేసినా కళ్లు తెరిచే ఉంచాలి. నంబర్ ప్లేట్ చూసుకున్నాకే ఎక్కండి. ఎయిర్‌పోర్టులో ఎవరో ఫోన్ చూపించి "గ్రాబ్, గ్రాబ్" అంటే అది మీ బండి కాదు. డ్రైవర్ వచ్చి, "క్యాన్సిల్ చేసి నాకు క్యాష్ ఇవ్వు" అంటే ఒప్పుకోకండి. క్యాన్సిల్ అయ్యాక మీరు ఏ బండిలో ఉన్నారో రికార్డే ఉండదు. ఒంటరిగా వెళ్లే అమ్మాయిలు లైవ్ లొకేషన్ ఇంట్లోవాళ్లకో, ఫ్రెండ్‌కో పెట్టి ఎక్కండి.

ఇవన్నీ చేసినా ఎక్కడో ఒకచోట తేడా వస్తుంది. దిగాక ఎక్కువ అడిగారనుకోండి. ముందు సామానుతో సహా కిందికి దిగండి. వెలుతురు ఉన్నచోటికి, జనం ఉన్నచోటికి రండి. హోటల్ అయితే రిసెప్షన్ వాళ్లని పిలవండి, వాళ్ల భాషలో వాళ్లు మాట్లాడితే చాలాసార్లు అక్కడికక్కడే తేలిపోతుంది. ఒప్పుకున్న డబ్బు చేతిలో పెట్టి, స్క్రీన్‌షాట్ చూపించండి. మొహం మీద కెమెరా పెట్టకండి. ప్లేట్ నంబర్ ఫోటో చాలు.

థాయ్‌లాండ్‌లో టూరిస్ట్ పోలీస్ నంబర్ 1155, ఇంగ్లిష్‌లో మాట్లాడతారు. టాక్సీల మీద కంప్లైంట్‌కి 1584 ఉంది. వియత్నాంలో పోలీస్ 113. ఇవి సేవ్ చేసుకోండి.

ఒకవేళ అర్ధరాత్రి, చుట్టూ ఎవరూ లేరు, మనిషి కోపంగా ఉన్నాడు అనిపిస్తే వాదించొద్దు. అడిగింది ఇచ్చేసి బయటపడండి. కంప్లైంట్ పొద్దున్న ఇవ్వొచ్చు. వెయ్యి రూపాయల కోసం ప్రాణాల మీదకి తెచ్చుకోవడం ధైర్యం కాదు.

చివరిది, దీన్ని తక్కువగా చూడకండి. ఎంత వరకు వదిలేయాలో బయల్దేరే ముందే అనుకోండి. నాకైతే 50, 60 రూపాయల తేడా ఉంటే అసలు పట్టించుకోను. 20 బాత్ కోసం ఎండలో పావుగంట వాదించి, ఆ పూటంతా చిరాకుగా తిరిగిన రోజులు నాకున్నాయి. ఆ పావుగంటలో పడవెక్కి ఉండొచ్చు. అన్నట్టు బ్యాంకాక్‌లో గ్రాండ్ ప్యాలెస్‌కి పడవలో వెళ్లండి. సాథోర్న్ రేవు దగ్గర ఆరెంజ్ జెండా పడవ, మేం వెళ్లినప్పుడు టికెట్ 16 బాత్. థా చాంగ్ దగ్గర దిగితే నడుచుకుంటూ వెళ్లిపోవచ్చు. అందరికీ ఒకటే టికెట్, బేరమే లేదు, నది గాలి ఫ్రీ.

అంతే ఫ్రెండ్స్. మీకు ఎక్కడైనా ఇలా జరిగి ఉంటే కామెంట్స్‌లో రాయండి. మోసపోయినవి రాయండి, తప్పకుండా రాయండి, మిగతావాళ్లకి పనికొస్తాయి. వాటితో పాటు, ఎవరైనా డ్రైవర్ మీతో మంచిగా ఉంటే అది కూడా రాయండి. అవి ఎవరూ రాయరు. నేనూ ఇన్నాళ్లు రాయలేదు.

ఇంకొక్క మాట. మన ఊళ్లో ఎవరైనా ఫారినర్ ఆటో పక్కన నిలబడి, ఫోన్ చూసుకుంటూ తికమకపడుతుంటే ఒక్క నిమిషం ఆగండి. అక్కడికి ఎంతవుతుందో చెప్పండి, ఆటో అన్నతో ఒక మాట మాట్లాడిపెట్టండి. హాస్టల్‌లో ఆ అమ్మాయి నాకు పొద్దున చెప్పిన ముక్క, రాత్రి ఎయిర్‌పోర్టులో ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేదో నాకు తెలుసు.

ట్రిప్‌కి రెడీ అవుతున్న ఫ్రెండ్ ఎవరైనా ఉంటే ఇది పంపించండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి, జాగ్రత్త.